నాలుగు నెలలకోసారి మారిపోయే ఊరు

కెనడాలోని వాటర్లూలో కొత్తగా పరిచయమైన స్టూడెంట్‌ని ‘మీదే ఊరు?’ అని అడగడం తర్వాతి సంగతి. ముందు అడిగేది ‘వచ్చే టర్మ్ ఇక్కడే ఉంటావా?’ అని. సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా ఫాల్ టర్మ్, జనవరి నుంచి ఏప్రిల్ దాకా వింటర్, మే నుంచి ఆగస్టు దాకా స్ప్రింగ్. అక్కడి ఇంజనీరింగ్ పిల్లలు ఒక టర్మ్ క్లాసుల్లో కూర్చుంటారు, ఆ తర్వాత ఏ టొరంటోకో కాలిఫోర్నియాకో వెళ్ళి ఓ టర్మ్ ఉద్యోగం చేస్తారు, మళ్ళీ వచ్చి క్లాసుల్లో కూర్చుంటారు. దీన్ని కో-ఆప్ అంటారు. 1957లో యూనివర్సిటీ ఆఫ్ వాటర్లూ మొదలైందే ఈ పద్ధతితో. లెక్కలు, కంప్యూటర్లు చదివేవాళ్ళలోనూ చాలామందిది ఇదే దారి. అందుకని ఆ ఊళ్ళో ఏ స్నేహమైనా ముందు నాలుగు నెలల గడువుతోనే మొదలవుతుంది. ఆ తర్వాత నిలబడితే మన అదృష్టం.

2012 ఆగస్టు చివర్లో మాస్టర్స్ కోసం కాకినాడ నుంచి వెళ్ళి నేను అక్కడ దిగాను. మాస్టర్స్, పీహెచ్‌డీ వాళ్ళం ఎక్కడికీ కదలం, ఏడాది పొడుగునా ల్యాబులకే అతుక్కుని ఉంటాం. మా చుట్టూ ఊరు మాత్రం నాలుగు నెలలకోసారి సగం ఖాళీ అయ్యి, మళ్ళీ వేరే మొహాలతో నిండేది. ఇప్పుడు నన్ను అక్కడ చదివిన కోర్సుల పేర్లు అడిగితే రెండు చెప్పి మూడో దానికి తడుముకుంటాను. ఏ టర్మ్‌లో ఇంట్లో ఎవరెవరు ఉండేవాళ్ళు, ఖాళీ దొరికితే ఏం చేసేవాళ్ళం అని అడిగితే మాత్రం వరసగా చెప్పుకుపోతాను.

ఊరు గురించి రెండు ముక్కలు చెప్పాలి. వరంగల్, హనుమకొండ లాగా కిచెనర్, వాటర్లూ కలిసిపోయిన జంట ఊళ్ళు. టొరంటోకి పడమటగా నూరు కిలోమీటర్లు దాటాక వస్తాయి. మేమున్నప్పుడు వాటర్లూ జనాభా లక్షకు కాస్త అటూఇటూ, కిచెనర్‌లో రెండు లక్షల పైచిలుకు. రెండింటినీ కలుపుతూ కింగ్ స్ట్రీట్ అని ఒకే ఒక పొడుగాటి రోడ్డు. అది తిన్నగా ఉంటుందనుకుంటే పొరపాటే. ఒక చోట ఉత్తరం, ఇంకో చోట తూర్పు అని బోర్డులు పెట్టి కొత్తవాళ్ళని తిప్పలు పెడుతుంది. యూనివర్సిటీ ఆఫ్ వాటర్లూ పక్కనే విల్‌ఫ్రిడ్ లోరియే యూనివర్సిటీ. కాస్త దూరంలో కానెస్టోగా కాలేజీ. ఇంత చిన్న ఊళ్ళో ఇంతమంది పిల్లలు ఉంటే ఇళ్ళ వ్యాపారం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

మేం అద్దెకున్నది క్యాంపస్‌కి తూర్పున నార్త్‌డేల్ అనే పేటలో. ఒకప్పుడు సంసారుల కోసం కట్టిన చిన్న చిన్న ఇళ్ళు, తర్వాత గదులు గదులుగా విడగొట్టి పిల్లలకి ఇచ్చేశారు. మా ఇంట్లో ఐదు గదులు. పీహెచ్‌డీ చేస్తున్న కరీంనగర్ అన్న, గుంటూరు వాడు, నెల్లూరు వాడు, నేను స్థిరనివాసులం. ఐదో గది మాత్రం టర్మ్‌కొకరి చేతిలో ఉండేది. కో-ఆప్‌కి వెళ్ళేవాడు తన గదిని ఇంకొకడికి సబ్‌లెట్ ఇచ్చి పోయేవాడు. మా సరదాలు చాలావరకు ఆ ఐదో గదిలోంచి వచ్చినవే.

మొదటి ఫాల్‌లో ఆ గదిలోకి వచ్చింది టొరంటో పక్కనున్న బ్రాంప్టన్‌లో పుట్టి పెరిగిన పంజాబీ కుర్రాడు. వాడికి కారుంది. కారున్న కుర్రాడు ఇంట్లో ఉండటమంటే ఏమిటో కెనడాలో చదివినవాళ్ళకి చెప్పక్కర్లేదు. వాడు శుక్రవారం సాయంత్రం ఇంటికి బయల్దేరితే ఇద్దరు ముగ్గురం వెనక సీట్లో కూర్చునేవాళ్ళం. ఆ పక్క థియేటర్లలో తెలుగు సినిమా ఆడేది, కూరగాయల దుకాణంలో దొండకాయలు, కరివేపాకు దొరికేవి. వాళ్ళమ్మగారు మాకు పరోటాలు కట్టి ఇచ్చేవారు. డిసెంబర్‌లో వాడు కో-ఆప్‌కి ఒట్టావా వెళ్ళిపోయాడు. దాంతో సినిమాలు, దొండకాయలు, పరోటాలు మూడూ ఒకేసారి ఆగిపోయాయి.

కారు లేని మిగతా రోజుల్లో మాకు దిక్కు సిటీ బస్సు. ఫీజులోనే బస్సు పాసు కలిపి ఉండేది. మా ఐడీ కార్డుని వాట్‌కార్డ్ అంటారు, అది డ్రైవర్‌కి చూపిస్తే చాలు, ఊరంతా ఎన్నిసార్లు తిరిగినా ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఉచితం అనగానే తెలుగువాళ్ళు ఊరుకుంటారా? ఏ పనీ లేకపోయినా 200 నంబరు ఐ-ఎక్స్‌ప్రెస్ ఎక్కి, అటు కానెస్టోగా మాల్ నుంచి ఇటు పొరుగూరు కేంబ్రిడ్జ్ దాకా కిటికీ పక్కన కూర్చుని వెళ్ళి, అక్కడ దిగి నది ఒడ్డున కాసేపు నిలబడి, మళ్ళీ అదే బస్సులో వచ్చేవాళ్ళం. నెల్లూరు వాడు దీనికి ‘విహారయాత్ర’ అని పేరు పెట్టాడు. పొట్లంలో పులిహోర కట్టుకుని మరీ వచ్చేవాడు.

శనివారం వెళ్ళాల్సింది సెయింట్ జేకబ్స్ సంతకి. ఊరికి ఉత్తరాన, పొలాలు మొదలయ్యే చోట ఉంటుంది. గురువారం, శనివారం తెరుస్తారు. మెనోనైట్లు అనే క్రైస్తవ వర్గం వాళ్ళు ఆ చుట్టుపక్కల పల్లెల్లో తరతరాలుగా వ్యవసాయం చేసుకుంటున్నారు. వాళ్ళలో పాత ఆచారం పాటించే కుటుంబాలు ఇప్పటికీ కార్లు వాడవు. నల్ల కోటు, టోపీ పెట్టుకున్న రైతు గుర్రబ్బండి తోలుకుంటూ రోడ్డు వారగా పోతుంటాడు. అవతల పక్క బ్లాక్‌బెర్రీ ఫోన్లు పుట్టిన కంపెనీ ఆఫీసులు. ఒకే ఊళ్ళో, ఒకే రోడ్డు మీద రెండూ. గుర్రబ్బండి చూసి గుంటూరు వాడు ‘మా తాత వింటే నవ్వుతాడ్రా, ఇది చూడ్డానికి నేను కెనడా వచ్చానా అని’ అన్నాడు.

సంతలో మాకు రెండే పనులు. ఒకటి, మధ్యాహ్నం కొట్లు సర్దేసే వేళకి వెళ్ళి బుట్టల్లో మిగిలిన టమాటాలు, మిరపకాయలు బేరమాడి తెచ్చుకోవడం. కెనడాలో బేరమాడొచ్చని అక్కడే తెలిసింది. రెండోది ఆపిల్ ఫ్రిట్టర్. ఆపిల్‌ని చక్రాల్లా కోసి పిండిలో ముంచి నూనెలో వేయించి, పైన దాల్చినచెక్క పొడి, పంచదార చల్లి ఇస్తారు. అరటికాయ బజ్జీకి అమెరికాలో ఉన్న మేనత్త కొడుకు అనుకోండి. దానికోసం వరసలో నిలబడటం కూడా సరదాగానే ఉండేది, వేడి నూనె దగ్గర చలి తెలిసేది కాదు.

2013 సెప్టెంబర్ 2, లేబర్ డే. తెల్లవారుజామున ఆ సంత పెద్ద భవనం అగ్నిప్రమాదంలో కాలిపోయింది. పొద్దున లేచి వార్త చూసి నమ్మలేదు. ఆ వారమే బయట గుడారాలేసి సంత మళ్ళీ తెరిచారు. మేమూ వెళ్ళాం. కొనడానికి పెద్దగా ఏమీ లేకపోయినా చాలామంది ఊరివాళ్ళు వచ్చారు. ఒకళ్ళనొకళ్ళు పలకరించుకుంటూ తిరుగుతున్నారు. ఏదైనా పోయినప్పుడు పదిమందీ కలిసి వచ్చి నిలబడటం అక్కడా ఉంది.

ఇక చలికాలం. రెండో టర్మ్‌లో ఐదో గదిలోకి ఉత్తర ఆంటారియోలోని సడ్‌బరీ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. మెకానికల్ చదివేవాడు. మేం మూడు పొరల బట్టలేసుకుని హీటర్ దగ్గర ముడుచుకుంటే, వాడు మామూలు చొక్కాతో బయటికెళ్ళి చెత్త పారేసి వచ్చేవాడు. ‘ఇది చలి కాదు’ అనేవాడు. వాడు మమ్మల్ని నిలబెట్టి ఒక సెకండ్ హ్యాండ్ దుకాణానికి తీసుకెళ్ళి, తలా ఒక జత స్కేట్లు కొనిపించాడు. ఎవరో వాడి వదిలేసినవి, లేసులు కూడా సరిగ్గా లేవు. ఆ రాత్రే కిచెనర్ సిటీ హాల్ ముందుకి బస్సెక్కాం. ఎండాకాలం అక్కడ నీళ్ళ కొలను ఉంటుంది, చలికాలం దాన్నే గడ్డకట్టించి రింక్ చేస్తారు. టికెట్టు లేదు, అడిగేవాడు లేడు. నాలుగేళ్ళ పిల్లలు మా కాళ్ళ సందుల్లోంచి దూసుకుపోతుంటే, మేం ముగ్గురం గోడ పట్టుకుని అంగుళం అంగుళం జరిగేవాళ్ళం. కరీంనగర్ అన్న మాత్రం ‘నాకు ముప్పై దాటినయ్, ఎముకలు విరిగితే అతకయ్’ అని బెంచీ మీద కూర్చుని మా ఫోటోలు తీసేవాడు. ఆ ఫోటోల్లో ఒక్కదాంట్లో కూడా ముగ్గురమూ నిలబడి లేం.

మార్చి వచ్చేసరికి నేను, నెల్లూరు వాడు చేయి వదిలేసి గుండ్రంగా తిరగడం నేర్చాం. ఆగడం మాత్రం రాలేదు. ఆగాలంటే ఎదురుగా గోడో, మనిషో ఉండాల్సిందే.

చలికాలపు సాయంత్రాలు ఐదు కాకుండానే చీకటి పడిపోతాయి. ఆ చీకట్లో మాకు చావిడి లాంటిది క్యాంపస్‌లోని స్టూడెంట్ లైఫ్ సెంటర్. ఎస్‌ఎల్‌సీ అంటారు. ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉండేది. అక్కడి టర్న్‌కీ డెస్క్‌లో కార్డు పెట్టి బోర్డు గేములు అరువు తీసుకోవచ్చు. పరీక్షల టెన్షన్‌తో రాత్రి రెండింటికి చదువుకునేవాళ్ళు ఒక పక్క, చదరంగం ఆడేవాళ్ళు ఇంకో పక్క, సోఫాల మీద బూట్లు కూడా విప్పకుండా నిద్రపోయేవాళ్ళు మరో పక్క. మ్యాథ్స్ భవనం మూడో అంతస్తులో సీఅండ్‌డీ అని విద్యార్థి సంఘం వాళ్ళు నడిపే చిన్న కాఫీ కొట్టు ఉండేది. బయట కంటే చవక. ఫిబ్రవరి వచ్చిందంటే టిమ్ హార్టన్స్‌లో కాఫీ కప్పు అంచు విప్పి చూసుకునే లాటరీ మొదలయ్యేది. అంచు విప్పితే కింద ఏం గెలిచామో రాసి ఉండేది. కరీంనగర్ అన్న కారు తగులుతుందని రోజూ తాగేవాడు. డోనట్లు తగిలాయి. కారు వస్తే ఎక్కడ పార్క్ చేయాలన్న దాని మీద మాత్రం ముందే గంటల తరబడి చర్చ అయ్యేది.

క్యాంపస్ మధ్యలో డేనా పోర్టర్ లైబ్రరీ ఉంది. పది అంతస్తులు, తెల్లగా, గళ్ళు గళ్ళుగా, పంచదార బిళ్ళ నిలబెట్టినట్టుంటుందని అందరూ అంటారు. పుస్తకాల బరువు లెక్కలో కలపడం మర్చిపోయి కట్టారనీ, అందుకే ఏటా కాస్త కాస్త కుంగుతోందనీ సీనియర్లు జూనియర్లకి చెప్పే కథ ఒకటుంది. ఉత్తర అమెరికాలో ప్రతి యూనివర్సిటీ లైబ్రరీ మీదా ఇదే కథ ఉందట. సివిల్ ఇంజనీర్నయ్యుండి కూడా నేను ఒకసారి మెట్ల దగ్గర పగుళ్ళున్నాయేమోనని చూశాను.

ఊళ్ళో ఉచితంగా దొరికే ఇంకో వినోదం పెరిమీటర్ ఇన్‌స్టిట్యూట్ ఉపన్యాసాలు. బ్లాక్‌బెర్రీ వ్యవస్థాపకుడు మైక్ లజారిడిస్ ఇచ్చిన డబ్బుతో మొదలైన భౌతికశాస్త్ర పరిశోధనా సంస్థ అది. సిల్వర్ లేక్ పక్కన నల్లటి అద్దాల భవనం. మామూలు జనం కోసం విశ్వం గురించి, క్వాంటం గురించి సాయంత్రం ఉపన్యాసాలు పెట్టేవాళ్ళు. టికెట్లు ఆన్‌లైన్‌లో పెట్టిన కాసేపటికే అయిపోయేవి. గుంటూరు వాడు అలారం పెట్టుకుని మరీ బుక్ చేసేవాడు. తీరా వెళ్ళాక పదో నిమిషంలో నిద్ర. మంచి కుర్చీలు, వెచ్చటి గది, మెత్తటి గొంతుతో ఎవరో నక్షత్రాల గురించి చెబుతుంటే మేలుకుని ఉండటం అన్యాయమని వాడి వాదన. ఇంటికొచ్చే దారిలో వాడికి సారాంశం చెప్పే బాధ్యత నాది. అలా చెప్పి చెప్పి నేను బ్లాక్‌హోల్ గురించి కాస్తో కూస్తో నేర్చుకున్నాను.

స్ప్రింగ్ టర్మ్ అనగానే ముందు గుర్తొచ్చేవి బాతులు. కెనడా గూస్ అంటే చిన్నదనుకునేరు, మనిషి నడుం దాకా వస్తుంది. లారెల్ క్రీక్ అనే వాగు క్యాంపస్ మధ్యలోంచే పోతుంది కాబట్టి ఏప్రిల్‌లో వందలకొద్దీ దిగేవి. భవనాల గుమ్మాల పక్కన, పూలకుండీల్లో, ఎక్కడ పడితే అక్కడ గూళ్ళు. గుడ్లున్నంత కాలం మగ బాతు కాపలా. మెడ చాచి బుసకొడుతూ మీదికొస్తుంది. చట్టప్రకారం వాటి గూళ్ళు ముట్టుకోకూడదు. దాంతో దారి మార్చుకోవాల్సింది మనిషే. గూళ్ళు ఎక్కడెక్కడున్నాయో చూపించే మ్యాపు కూడా యూనివర్సిటీ వాళ్ళు ఆన్‌లైన్‌లో పెట్టారు, అది చూసుకుని క్లాసుకి దారి ఎంచుకోవాలి. ల్యాబ్‌కి ఆలస్యమైతే ‘బాతు అడ్డొచ్చింది’ అన్నది అక్కడ చెల్లుబాటయ్యే కారణం.

ఆ టర్మ్‌లో ఊరు నిజంగా పలచబడేది. ఇళ్ళన్నీ సగం ఖాళీ. ఏప్రిల్‌లో స్తంభాలన్నిటికీ సబ్‌లెట్ కాగితాలు అంటించి ఉండేవి, అద్దె రోజురోజుకీ తగ్గుతూ పోయేది. ఆ ఏడాది ఐదో గదికి చైనా నుంచి వచ్చిన గణితం విద్యార్థి సగం అద్దెకే వచ్చాడు. మాట తక్కువ మనిషి. బ్యాడ్మింటన్ రాకెట్ పట్టుకుంటే మాత్రం మాలో ఏ ఇద్దర్నైనా ఒక్కడే ఓడించేవాడు. మా పప్పు వాడికి నచ్చింది, వాడు వండే మిరపకాయల నూనె చేపకూర మాకు నచ్చింది. కారం విషయంలో గుంటూరుకి, చైనాలో కారానికి పేరుపడ్డ సిచువాన్‌కి పోటీ పెట్టి, ఇద్దరూ కళ్ళ నీళ్ళు పెట్టుకుని, ఎవరూ ఓడిపోయానని ఒప్పుకోకుండా లేచిపోయారు.

జూన్, జులైలో రాత్రి తొమ్మిదింటికి గానీ సూర్యుడు దిగడు. ల్యాబ్ అయ్యాక కూడా మూడు నాలుగు గంటల వెలుతురు. కొలంబియా లేక్ దగ్గరి మైదానాలకి టెన్నిస్ బంతికి టేపు చుట్టుకుని వెళ్ళేవాళ్ళం. పాకిస్తానీలు, శ్రీలంక వాళ్ళు, తమిళులు, మేం. టీములు దేశాలవారీగా ఉండేవి కావు, ఎవరు ముందొస్తే వాళ్ళతో. బంతి చెరువులో పడితే అవుట్ అన్నది ఒకటే రూల్. జులై 1న కెనడా డే. అదే చెరువు ఒడ్డున యూనివర్సిటీయే వేడుక జరిపేది, రాత్రికి బాణాసంచా. ఊరంతా దుప్పట్లు, మడత కుర్చీలు తెచ్చుకుని గడ్డి మీద కూర్చునేవాళ్ళు. మా దీపావళి జనం అలవాటు కొద్దీ చెవులు మూసుకుని, కళ్ళు తెరుచుకుని చూసేవాళ్ళం. ఒక ఆదివారం దగ్గర్లోని ఎలోరా అనే ఊరు వెళ్ళి, గ్రాండ్ నది లోయలో ట్యూబుల మీద తేలుతూ దిగాం. రబ్బరు ట్యూబులో కూర్చుని రాతి గోడల మధ్య నీళ్ళతో పాటు పోవడమే. ఈత రాని నేను లైఫ్ జాకెట్ మీద ఇంకో లైఫ్ జాకెట్ అడిగితే అక్కడి అమ్మాయి నవ్వింది, ఇవ్వలేదు.

2013 ఫాల్ బరువుగా మొదలైంది. సంత కాలిపోయిన నెలలోనే బ్లాక్‌బెర్రీ నాలుగున్నర వేల ఉద్యోగాలు తీసేస్తున్నట్టు ప్రకటించింది. క్యాంపస్ పక్కనే వాళ్ళ భవనాలు. మాకు తెలిసిన తెలుగు కుటుంబాలు రెండు మూడు అక్కడే పనిచేసేవి. వాళ్ళింట్లో వారాంతం భోజనాలకి పిలుపులు ఆగిపోయాయి, పిలిచినా మాకు వెళ్ళబుద్ధి కాలేదు. కానీ అక్టోబర్‌లో దసరా, కెనడా వాళ్ళ థాంక్స్ గివింగ్ ఒకే వారాంతంలో వచ్చాయి. అదే సమయంలో కిచెనర్‌లో అక్టోబర్‌ఫెస్ట్. ఆ ఊరు జర్మన్లు కట్టుకున్నది, 1916 దాకా దాని పేరు బెర్లిన్. మొదటి ప్రపంచయుద్ధంలో పేరు మార్చేశారు గానీ 1969 నుంచి ఏటా ఈ జర్మన్ పండగ చేస్తున్నారు. పొద్దున్న కింగ్ స్ట్రీట్‌లో తోలు నిక్కర్ల వాళ్ళ ఊరేగింపు చూసి, మధ్యాహ్నం తెలుగు కుటుంబాలు కమ్యూనిటీ హాల్లో పెట్టుకున్న బతుకమ్మకి వెళ్ళాం. తంగేడు, గునుగు ఎక్కడ దొరుకుతాయి? సంతలో కొన్న చామంతులతోనే పేర్చారు. కరీంనగర్ అన్న కొంచెంసేపు చూసి, ‘మా అమ్మకి ఫోన్ చేసొస్త’ అని బయటికెళ్ళి చాలాసేపు రాలేదు.

అదే డిసెంబర్ 21 రాత్రి వాన మొదలైంది. వాన పడుతూనే గడ్డకట్టే రకం. పొద్దున్నకి ప్రతి కొమ్మ మీదా, తీగ మీదా, గడ్డిపోచ మీదా వేలి మందాన మంచు తొడుగు. చూడ్డానికి ఎంత బాగుందో వినడానికి అంత భయం వేసింది. ఎక్కడో ఒక చోట కొమ్మ విరిగి పడుతూనే ఉంది. కరెంటు పోయింది. దక్షిణ ఆంటారియో అంతటా లక్షల ఇళ్ళకి పోయిందని తర్వాత తెలిసింది. మనకి కరెంటు పోవడం కొత్తా? మొదటి గంట మేం దర్జాగానే ఉన్నాం. కానీ అక్కడ కరెంటు లేకపోతే హీటర్ లేదు, పొయ్యి లేదు. మధ్యాహ్నానికి ఇంట్లో నోట్లోంచి పొగలు వస్తున్నాయి.

టర్మ్ ముగిసింది కాబట్టి పేటంతా నిర్మానుష్యం. మిగిలింది పోయేచోటు లేని మాలాంటి వాళ్ళే. రెండు వీధుల అవతల ఇంకో తెలుగు ఇంట్లో గ్యాస్ పొయ్యి ఉందని గుర్తొచ్చి, దుప్పట్లు కప్పుకుని, ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఆ అద్దం లాంటి రోడ్డు మీద బయల్దేరాం. స్కేట్లు వేసుకుని వెళ్ళడమే మేలని నెల్లూరు వాడన్నాడు, వాడన్నదే నిజం. ఆ ఇంట్లో అప్పటికే పదిమంది చేరారు. అగ్గిపుల్లతో పొయ్యి వెలిగించి పెద్ద గిన్నెలో ఉప్మా. నెల్లూరు వాడు మా ఇంట్లోంచి ఒక్క వస్తువు మాత్రం వీపున వేసుకుని తెచ్చాడు. క్యారమ్ బోర్డు. టొరంటోలో జెరార్డ్ స్ట్రీట్ ఇండియన్ బజార్‌లో కొని, బస్సు కింద సామాన్ల అరలో పెట్టి తెచ్చుకున్నది. దాని మీద చల్లే బోరిక్ పౌడర్ అయిపోతే మొహానికి రాసుకునే పౌడరే వాడేవాళ్ళం, అందుకని మా ఆటలన్నీ మల్లెపూల వాసన వేసేవి.

నాలుగు పక్కలా కొవ్వొత్తులు పెట్టి ఆ రాత్రంతా ఆడాం. చేతులకి గ్లవుజులతో స్ట్రైకర్ కొట్టడం ఒక ప్రత్యేక విద్య. ఓడినవాళ్ళు బయటికెళ్ళి, కిటికీ దగ్గర పెట్టిన పాలు, పెరుగు గడ్డకట్టాయేమో చూసి రావాలి. ఫ్రిజ్ పనిచేయకపోయినా బయట ప్రపంచమంతా ఫ్రిజ్జే కదా! కరెంటు మర్నాడు సాయంత్రం వచ్చింది. దీపాలు వెలగగానే అందరూ ఒక్కసారి అరిచారు, వెంటనే ఫోన్లు చార్జింగ్‌కి పెట్టుకుని, ఎవరి తెర వాళ్ళు చూసుకుంటూ కూర్చున్నారు. ఆట సగంలోనే ఉండిపోయింది. రెడ్ ఇంకా బోర్డు మీదే ఉంది.

ఇక 2014 ఫిబ్రవరి. మా ఇంటి చరిత్రలో ఇంతకంటే విచిత్రమైన వారం లేదు. రష్యాలోని సోచిలో వింటర్ ఒలింపిక్స్ జరుగుతున్నాయి. ఢిల్లీలో పార్లమెంటు ముందు ఆంధ్రప్రదేశ్ విభజన బిల్లు ఉంది. సడ్‌బరీ కుర్రాడు కో-ఆప్ ముగించుకుని మళ్ళీ ఐదో గదిలోకి వచ్చాడు. హాల్లో టీవీ వాడిది, అందులో ఐస్ హాకీ. ల్యాప్‌టాపులు మావి, వాటిల్లో తెలుగు న్యూస్ చానళ్ళు.

18న లోక్‌సభలో బిల్లు పాసైంది. 20న రాజ్యసభలో. మాకు పొద్దున పూట. కరీంనగర్ అన్న ల్యాప్‌టాప్ ముందు కదలకుండా కూర్చున్నాడు. వార్త రాగానే ఏమీ అనకుండా లేచి వంటింట్లోకి వెళ్ళి సేమ్యా పాయసం మొదలెట్టాడు. గుంటూరు వాడు గది తలుపు వేసుకున్నాడు. నేను మెట్ల మీద కూర్చున్నాను. కాకినాడ వాణ్ణి, నాకూ లోపల ఎలాగో ఉంది. అన్న గిన్నె పట్టుకుని వచ్చి ‘పాయసం జేసిన, తినుండ్రి’ అన్నాడు. నేను తిన్నాను. గుంటూరు వాడి గిన్నె తలుపు ముందు పెట్టి వెళ్ళాడు.

మధ్యాహ్నం ఆడవాళ్ళ హాకీ ఫైనల్, కెనడాకీ అమెరికాకీ. కెనడా రెండు గోల్స్ వెనకబడింది. సడ్‌బరీ కుర్రాడికి మా గొడవ ఏదీ తెలియదు, టీవీ ముందు నిలబడి ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తూ మమ్మల్ని పేరుపేరునా పిలుస్తున్నాడు. ఒక్కొక్కరం వచ్చాం. గుంటూరు వాడు కూడా వచ్చి, సోఫాకి ఆ చివర కూర్చున్నాడు, అన్న ఈ చివర. కెనడా ఒకటి కొట్టింది. చివర్లో దాడికి ఇంకో మనిషిని దింపడం కోసం గోల్ కాపలా ఉండే గోలీని కూడా తీసేశారు. అమెరికా వాళ్ళు ఆ ఖాళీ గోల్‌లోకి కొట్టిన పక్ అనే రబ్బరు బిళ్ళ మెల్లగా జారుకుంటూ వెళ్ళి స్తంభానికి తగిలి ఆగింది. ఇంకా నిమిషం లోపే ఉందనగా మారీ-ఫిలిప్ పూలాన్ సమం చేసింది. ఓవర్‌టైమ్‌లో గెలుపు గోల్ కూడా ఆమెదే. సమం చేసిన క్షణంలో సోఫా రెండు చివరలూ ఒకేసారి ఖాళీ అయ్యాయి.

దాంతో ఇద్దరూ రాజీపడిపోయారని రాస్తే అబద్ధమవుతుంది. ఆ రాత్రే గిన్నెలు కడుగుతూ హైదరాబాద్ గురించి మళ్ళీ గట్టిగా వాదించుకున్నారు. కానీ ఆదివారం పొద్దున ఏడింటికి మగవాళ్ళ ఫైనల్ అని ఇద్దరూ అలారం పెట్టుకున్నారు. స్వీడన్ మీద 3-0. తెల్లవారకుండానే ఎస్‌ఎల్‌సీకి నడిచి వెళ్ళాం, అప్పటికే జనం. మొహాలకి ఎర్రరంగు పూసుకున్న పిల్లలు, పైజామాల మీదే వచ్చినవాళ్ళు. కెనడా కెప్టెన్ క్రాస్బీ ఒంటరిగా దూసుకెళ్ళి కొట్టినప్పుడు నా పక్కనున్న ముక్కూ మొహం తెలియని పెద్దాయన నన్ను వాటేసుకున్నాడు. ఆయన కాఫీ సగం నా కోటు మీద పడింది.

ఆగస్టులో మాస్టర్స్ ముగిసి నేను క్యాల్గరీకి ఉద్యోగానికి వచ్చేశాను. అప్పటికే ల్యాబ్‌లో నా కుర్చీకి వేరే వాడు సిద్ధం, గదికి వేరే వాడు సిద్ధం. కుక్కర్, పోపుల డబ్బా, స్కేట్లు వచ్చే బ్యాచ్‌కి ఇచ్చేశాను. నేను కూడా ఎవరిదో బ్యాచ్ నుంచి తీసుకున్న కుక్కరే అది, విజిల్ ఒక్కటే నేను మార్పించాను. తర్వాత ఒకసారి వెళ్ళాను. 2019లో మొదలైన ఐఆన్ రైలు క్యాంపస్ పక్క నుంచే పోతోంది, నార్త్‌డేల్ నిండా అపార్ట్‌మెంట్ టవర్లు. సెయింట్ జేకబ్స్‌లో కొత్త భవనం కట్టారు, ఫ్రిట్టర్ల వరస పెరిగింది. నా కంటే ముందే టర్మ్‌ల ప్రకారం బతకడం మానేసిన స్నేహితులు కొందరు అక్కడే స్థిరపడ్డారు.

వాళ్ళలో గుంటూరు వాడు ఒకడు. కిచెనర్‌లో ఇల్లు కొన్నాడు, బేస్‌మెంట్ మన పిల్లలకే అద్దెకిచ్చాడు. మొన్న ఫోన్ చేసి పావుగంట ఒకటే ఫిర్యాదు: రాత్రి రెండైనా పడుకోరట, కింద నుంచి టకటకా చప్పుడట, పెద్ద పెద్ద కేకలట, పొద్దున వీడు ఆఫీసుకి వెళ్ళొద్దా అని.

‘ఏం చేస్తున్నార్రా అంత రాత్రి?’

‘క్యారమ్స్.’

‘బోర్డు ఎక్కడిది వాళ్ళకి?’

కాసేపు ఆగి, ‘నెల్లూరు వాడు పోతూ నాకిచ్చి పోయాడుగా, అదే’ అన్నాడు.